ఇల్లు దొరకని మాట

ఆమె చనిపోయిన కబురు మా కోచింగ్ సెంటర్ గ్రూపులో వచ్చింది. ఆ రోజు నేర్చుకోవలసిన ఇంగ్లీషు మాటలను సారు ఎప్పటిలాగే వరసగా పెట్టి, వాటి కింద ఒక వాక్యం రాశాడు: మన బ్యాచిలో చదివిన నర్సు గారు నిన్న హఠాత్తుగా కాలం చేశారు, చాలా బాధాకరం. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల కింద ఎవరో, "సార్, చివరి మాటకు అర్థం పెట్టలేదు" అన్నారు. సారు వెంటనే పెట్టాడు.

నేను అప్పుడు పాపకు పెరుగన్నం పెడుతున్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పాప నోరు తెరిచి చూసింది, మూసింది, చివరికి నా చెయ్యి తనే లాక్కుని తిన్నది.

ఏడుపు తరవాత వచ్చింది. ముందు కోపం వచ్చింది. ఆమె ఉండి ఉంటే ఆ గ్రూపులో ఏమనేదో నాకు చెవిలో వినిపిస్తూనే ఉంది: "ఏం సార్, మనిషి పోతే బొమ్మ, మాట పోతే అర్థమా?" ఇప్పుడు అలా అడగడానికి ఆ గ్రూపులో ఎవరూ లేరు. అందరం మర్యాదస్తులం.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఎవరైనా అవసరం లేని వివరం అడిగితే "ఆ ప్రశ్న పేపర్లో లేదే" అని నవ్వే మనిషి ఆమె. నేను ఆమెను అక్కా అని పిలిచాను. ఇక్కడా అంతే.

అక్కది బుచ్చిరెడ్డిపాలెం. తెలుగే మాట్లాడుకునే ముస్లింల ఇల్లు. తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. ఆమె మాత్రం నర్సింగ్ చదివి, నెల్లూరులో ఒక ఆసుపత్రిలో పనిచేసేది. వేరే దేశంలో నర్సు ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష రాయాలి. రాయడం, మాట్లాడడం, వినడం ఆమెకు వచ్చేశాయి. చదవడమనే భాగం దగ్గర ప్రతిసారీ రవ్వంత తక్కువ పడేది. అదేమీ కథలు చదవడం కాదు. గంటసేపట్లో మూడు పొడుగాటి వ్యాసాలు. ఒకటి హిమానీనదాల మీద, ఒకటి పురాతన కుండల మీద, ఇంకొకటి ఎవరూ చూడని ఏదో తేనెటీగ మీద. ఒక్కో వాక్యం నాలుగు పంక్తుల పొడుగు, అందులో మనం జన్మలో వాడని మాటలు. పై చదువు కోసం అదే పరీక్ష రాసే నాకూ ఆ భాగమే మిగిలింది. నేను రొయ్యల జబ్బుల మీద పరిశోధన చెయ్యాలనుకుంటున్నాను. పాప పుట్టిన తరవాత మొదటిసారి రాసినప్పుడు నాకూ అక్కడే పోయింది. మా అత్తయ్య అప్పుడే అన్నది, "ప్రయత్నం చేసినావు కదా, ఇంక చాలు" అని.

ట్రంకు రోడ్డు పక్క సందులో, ఒక మందుల దుకాణం పైన మా కోచింగ్ సెంటర్. మొదటి రోజు సారు అందరికీ మాటల కాగితాలు పంచి, రోజుకు ఇన్ని బట్టీ పట్టండి అన్నాడు. వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది. నల్ల హ్యాండ్‌బ్యాగు, తల మీద చున్నీ, నోట్లో సోంపు.

"సార్, ఇవి యాడ ఉంటాయి?"

"ఎక్కడ ఉండేదేమిటమ్మా? డిక్షనరీలో."

"డిక్షనరీ అడ్రసుల పుస్తకం సార్. ఇవి కాపురం ఉండేది యాడ అని అడగతా ఉండా."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, పక్కన కూర్చున్న నన్ను చనువుగా మే అని పిలిచి అన్నది, "నవ్వనీలే మే. సాయంత్రానికి వీళ్ళకు ఒక్కటీ గుర్తుండదు."

ఆమె పద్ధతి అదే. ప్రతి ఇంగ్లీషు మాటకూ ఒక ఇల్లు వెతికేది. బుచ్చి నుంచి నెల్లూరు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన మనిషికో వస్తువుకో ఒక మాటను కాపురం పెట్టేది. రెలక్టెంట్ అంటే ఇష్టం లేకుండానే కదిలేది. అది వాళ్ళ ఊరి బస్సు, నిండితే తప్ప బస్టాండు దాటదు. ఫ్లక్చువేట్ అంటే ఎగుడుదిగుడుగా మారుతూ ఉండేది. అది వాళ్ళ మేట్రన్ మర్యాద, డాక్టరు పక్కనుంటే ఒకటి, లేకపోతే ఒకటి. అబండెంట్ అంటే పుష్కలం. అది వాళ్ళ అత్త సలహాలు. మా సారుకు బినైన్ అనే మాట ఇచ్చింది. పుస్తకంలో దాని అర్థం సౌమ్యమైన, దయగల అని. నేను మెచ్చుకోబోయాను.

"దయ లేదు గియ లేదు," అన్నది. "మా ఆసుపత్రిలో ఆ మాట గడ్డకు వాడతాం. క్యాన్సరు కాదు, హాని చెయ్యదు, ఊరికే ఉంటుంది."

తరవాత సారు ఎప్పుడు లోపలికి వచ్చినా నేను తల వంచుకుని నవ్వు ఆపుకునేదాన్ని. ఆ మాటను ఇప్పుడు నేను చచ్చినా మరిచిపోను.

ఒకసారి ఇచ్చిన ఇల్లు శాశ్వతం అని కూడా లేదు. ఆబ్సొలీట్ అంటే కాలం చెల్లినది. దాన్ని మొదట వాళ్ళ నాయన దూది ఏకే విల్లుకు ఇచ్చింది. మిషను వచ్చిన దగ్గర నుంచి ఆ విల్లు గోడకు వేలాడుతోందట. ఒక రోజు క్లాసులోకి వస్తూనే, "ఖాళీ చేయించినా మే," అన్నది.

"దేన్నక్కా?"

"ఆబ్సొలీట్‌ని. నిన్న మా నాయన ఆ విల్లు దించి, తీగె బిగించి మోగించినాడు. ఇల్లంతా అదిరింది. మోగేదాన్ని కాలం చెల్లిందని ఎట్టంటాం? ఆ మాటను తీసుకుపోయి మా ఆసుపత్రి రూల్సు పుస్తకంలో పడేసినా."

నాకు ఏ మాట ఇచ్చావని చాలాసార్లు అడిగాను. "పరీక్ష పాసయినాక చెప్తా" అనేది.

ఇల్లు ఇవ్వని మాట ఆమె దగ్గర ఒక్కటే ఉండేది. ఇనెవిటబుల్. తప్పించుకోలేనిది, జరిగి తీరేది. చాలా సులువు కదక్కా, చావుకు ఇచ్చెయ్యి అన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఎవరితో వాదించినా మణికట్టు పట్టుకోవడం ఆమె అలవాటు, మూడు వేళ్ళు నాడి మీదే ఉండేవి.

"వార్డులో రోజూ అదే మాట. డాక్టరూ అంటాడు, చుట్టాలూ అంటారు, ఇంక తప్పదని. చావుకు అంత మంచి మాట ఎందుకు ఇయ్యాల? తగిన ఇల్లు దొరికిందాకా బస్టాండులో పడి ఉండనీ."

నాడి పట్టుకుని ఆమె ఇంకో మాట అనేది. మాక్ టెస్టు రోజు నేను గుమ్మంలోనే ఆగిపోతే అన్నది. "భయపడినా, పరుగెత్తినా నాడి ఒకే మాదిరి కొట్టుకుంటుంది మే. ఇది ఏదో దానికి తెలీదు. నువ్వే చెప్పాల దానికి."

నేను క్లాసులో కూర్చుని ఇంటికి ఫోను చేస్తూనే ఉండేదాన్ని. పాప లేచిందా, తిన్నదా, ఒళ్ళు వెచ్చగా ఉందా. ఒక పంక్తి చదవడం, ఒకసారి ఫోను చూడడం. అక్క నా ఫోను లాక్కుని తన హ్యాండ్‌బ్యాగు కింద బోర్లా పెట్టేది. "జొరం వస్తే వాళ్ళే చేస్తారు. రాకముందే నువ్వు పెట్టబాక" అనేది. ఆమె మాట నిజమేనని ఒప్పుకునేదాన్ని, కాని నా చెయ్యి మాత్రం బ్యాగు వైపే పోతూ ఉండేది.

ఇక ఆ రొయ్యల వ్యాసం సంగతి చెప్పాలి. ఆమెను తలుచుకుంటే నాకు ముందు అదే గుర్తుకొస్తుంది.

ఈ పరీక్షలో ఒక రకం ప్రశ్న ఉంటుంది. వ్యాసం చదివాక కొన్ని వాక్యాలు ఇస్తారు. ఒక్కొక్కటి నిజమా, అబద్ధమా, లేక వ్యాసంలో ఇవ్వలేదా, చెప్పాలి. నిజం, అబద్ధం అందరికీ వస్తాయి. ఆ మూడోదాని దగ్గరే మేమందరం బోల్తా పడతాం. నాట్ గివెన్ అంటారు దాన్ని. ఏదైనా అడిగితే తెలియదు అనే అలవాటు మనకు లేదు. పక్కింట్లో ఏం జరిగిందో కిటికీ తెర చూసి చెప్పేస్తాం.

ఆ రోజు సారు ఇచ్చిన వ్యాసం సముద్రతీరంలో రొయ్యల గుంటల గురించి. ఏ దేశమో గుర్తు లేదు. గుంటలు ఎలా తవ్వారు, జబ్బు ఎలా పాకింది, మడ అడవులు ఎలా పోయాయి, అన్నీ ఉన్నాయి. చివర ఒక వాక్యం ఇచ్చారు: గుంటల వల్ల చుట్టుపక్కల ఊళ్ళలో తాగే నీళ్ళు ఉప్పగా మారాయి.

మాది చిట్టమూరు వైపు. మా ఇంటి వెనక పొలాలు గుంటలయిన తరవాత మా బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాం. అన్నం ఉడికితే పసుపు రంగు వచ్చేది. మా అమ్మ బిందె నడుమున పెట్టుకుని పక్క ఊరికి పోయేది. మా నాయనకూ ఒక గుంట ఉండేది, తెల్లమచ్చ జబ్బుతో రొయ్యలన్నీ ఒక్క వారంలో తేలిపోయాయి. ఆ వాక్యం ముందు నేను ఆలోచించనే లేదు. నిజం అని పెట్టాను.

"నాట్ గివెన్," అన్నాడు సారు.

"కాని సార్, అది నిజం. మా ఊళ్ళో..."

"మీ ఊరు పరీక్షలో లేదమ్మా."

క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. పక్కన బెంచీ కిర్రుమంది. అక్క లేచి నిలబడింది.

"ఏంది సార్ ఆ మాట? ఆ నీళ్ళు తాగిన పిల్ల చెప్తా ఉంది ఉప్పగా అయినాయని. రాసినాయన తాగినాడా ఒక గ్లాసు?"

"అమ్మా, వ్యాసంలో లేదు అంటున్నాను. అబద్ధం అనడం లేదు."

"ఆయన రాయకపోతే ఆ నీళ్ళు యాడికి పోతాయి?"

"మార్కులు పోతాయి," అన్నాడు సారు. మళ్ళీ నవ్వులు.

"నవ్వండి, నవ్వండి," అన్నది అక్క వెనక్కి తిరిగి. "మీ ఊళ్ళో నీళ్ళు తియ్యగా ఉండాయిగా."

ఆ రోజు ఆమె మిగిలిన ప్రశ్నలకు జవాబులు రాయలేదు. కాగితం బోర్లా పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమెకు చదివే భాగంలో ఎందుకు తగ్గుతోందో నాకు అప్పుడే తెలిసింది. ఆమె వ్యాసంతో పోట్లాడుతుంది. నిద్ర గురించి ఎవరో పెద్ద మనిషి రాస్తే, ఈయన ఎప్పుడన్నా నైట్ డ్యూటీ చేసినాడా అని మొదటి పేరా దగ్గరే ఆగిపోతుంది. గంట అయిపోయేసరికి ఇంకో వ్యాసం మిగిలి ఉంటుంది.

తరవాతి వారం ఆమె నా కోసం మెట్ల దగ్గరే కాచుకుని ఉంది.

"మే, దొరికింది. విను," అని మణికట్టు పట్టుకుంది.

వాళ్ళ నాయన దగ్గరకు ఊళ్ళో వాళ్ళు పాత పరుపులు తెస్తారు. గడ్డకట్టిన దూదిని బయటికి తీసి, ఏకి, మెత్తగా చేసి, మళ్ళీ అదే గలీబులో నింపి ఆయన కుట్టి ఇస్తాడు. ఆయన రెండు ఇళ్ళ పరుపులు ఒకే పూట విప్పడు. ఎంత తొందర పెట్టినా విప్పడు. ఒకరి దూది ఒకరిదాంట్లో కలుస్తుందని. ఆ ముందు రోజు ఎవరో ఒకామె, "మా పరుపు పల్చగా ఉంది, పక్కన ఉండే దూది కొంచెం కలపరాదా, ఎవురికి తెలుస్తుంది" అన్నదట. ఆ పక్కన ఉన్నది ఇంకొకరి పరుపులో మిగిలిన బూరుగు దూది, ఆమెదాని కంటే మంచిది కూడా. ముసలాయన ఒప్పుకోలేదట. "మంచిదయితే మాత్రం, అది నీది కాదు కదమ్మా" అన్నాడట.

"అప్పుడు తగిలింది మే నాకు. మీ ఊరి నీళ్ళు నిజమే. అది నీ దూది. ఆ వ్యాసం వేరే ఇంటోళ్ళ పరుపు. నీ దూది తీసుకుపోయి వాళ్ళ పరుపులో కుక్కబాక. గంటసేపు వాళ్ళది వాళ్ళకు అప్పజెప్పి లేచి వచ్చెయ్."

"మరి మా ఊరి నీళ్ళు?"

"నీ పరుపు నువ్వు కుట్టు. ఆ పరీక్ష పాసయి, ఆ రొయ్యల చదువు చదివి, నువ్వే రాయి వ్యాసం. రేపు ఇంకో పిల్ల కూర్చోని చదవాల, నిజం అని పెట్టాల. అప్పుడు ఈ బినైన్ సారు కూడా మార్కు ఎయ్యాల."

నేను ఎందుకు చదువుతున్నానో అప్పటిదాకా ఎవరికీ సరిగా చెప్పలేకపోయాను, మా ఆయనకు కూడా. ఆమె మెట్ల మీద నిలబడి, సోంపు నములుతూ చెప్పేసింది.

ఆ రోజు నుంచి ఆమె ఆ మూడో జవాబును పరీక్ష బయట కూడా వాడడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం బస్టాపులో మా అత్తయ్యకు తెలిసినామె ఒకరు నన్ను చూసింది. నా చేతిలో పుస్తకాలు చూసి మొహం అదోలా పెట్టింది.

"పసిబిడ్డను ఇంట్లో వదిలిపెట్టి చదువులా అమ్మా? బిడ్డ నీకోసం ఏడ్చి ఏడ్చి ఉంటుంది. తల్లి లేని పిల్ల మాదిరి."

అక్క ముందుకొచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆమె బెదిరిపోయింది.

"ఏడవతా ఉంటే మీరు చూసినారా?"

"చూడాల్నా ఏంది? పిల్లలు ఏడవరా?"

"అంటే నాట్ గివెన్."

"ఏందీ?"

"అది బిడ్డ ఏడుపు కాదు, మీ దూది. బిడ్డ పప్పన్నం తిని వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో ఆడుకుంటా ఉంది. ఇప్పుడే ఫోను చేసింది ఈ పిల్ల, వద్దన్నా వినకుండా. మీకు బీపీ ఉన్నట్టుంది, చూపించుకోండి."

ఆమె బస్సు రాకముందే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నేను భయపడ్డాను, ఇది అత్తయ్య దాకా పోతుందని. పోయింది కూడా. కాని ఆ సాయంత్రం బస్సులో నేను ఫోను తీయకుండా ఇంటికి చేరాను.

నీకెందుకక్కా ఈ వయసులో ఇంత పట్టుదల అని ఒకసారి అడిగాను. ఉద్యోగమనో, కూతురి చదువనో చెబుతుందనుకున్నాను. "నన్ను పొమ్మనే వాళ్ళు ఒక్కరు లేరు మే. ఉండమనే వాళ్ళే అందరూ. అందుకని" అన్నది. ఇంకో తేదీకి పరీక్ష కట్టింది. నాకూ మళ్ళీ కట్టించింది. ఇద్దరం ఒకే శనివారం, మద్రాసులో. రైల్లో కిటికీ సీటు తనకే అని ముందే చెప్పింది.

డ్యూటీ నుంచి వచ్చి, తల నొప్పిగా ఉందని పడుకుందట. అంతే.

మూడోనాడు నేను బుచ్చికి వెళ్ళాను. వాకిట్లో తాటాకు పందిరి కింద దూది ఏకే మిషను ఆగి ఉంది. దాని పక్కన ఎవరిదో పరుపు విప్పినది విప్పినట్టే ఉంది, గలీబు ఒక పక్క, దూది ఒక పక్క. ఆ దూది పక్కనే ఆమె నాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడడం లేదట. లోపల ఆడవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నేను కూడా వాళ్ళ పక్కన కూర్చున్నాను.

ఆమె ఆడబిడ్డ నాకు నీళ్ళిచ్చి, పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. మంచి మనిషే. ఏడుపు కూడా నిజమైనదే.

"ఆ పరీక్షే తినేసింది అమ్మా మా వదినను. పాస్ కాలా, పాస్ కాలా అని లోలోపల దిగులు పెట్టుకునింది. ఆ దిగులే తలకెక్కింది."

"ఈ వయసులో ఆ చదువెందుకు, చెప్తే వినలా," అన్నది ఇంకొకామె.

"రాసిపెట్టి ఉంది. తప్పేది కాదు," అన్నది మరొకామె.

నేను సామాన్యంగా నలుగురిలో మాట్లాడను. కాని ఆ చివరి మాట వినగానే నా వెన్ను నిటారుగా అయింది. అక్క ఇన్నాళ్ళూ బస్టాండులో నిలబెట్టిన ఇనెవిటబుల్ అది. ఇప్పుడు అక్క మంచం దగ్గరకే వచ్చి కూర్చోబోతోంది.

"దిగులు పెట్టుకున్నానని అక్క మీతో అన్నదా?" అని అడిగాను ఆడబిడ్డను.

"అనేదేముందమ్మా? మాకు తెలీదా?"

"అనలేదు కదా. నాతో మాత్రం రైల్లో కిటికీ సీటు తనకే కావాలన్నది. దిగులుపడే మనిషి సీటు కోసం పోట్లాడదు. పరీక్ష ఆమెను తినలేదు. ఆమే దాన్ని కొరుక్కుతింటూ ఉండింది. ఆమె అనని మాట ఆమెలో పెట్టబాకండి."

నా నోట్లోంచి మా ఊరి మాటే వచ్చింది. అందరూ ఎవరీ పిల్ల అన్నట్టు చూశారు. అప్పుడు బయట పందిరి కింద నుంచి ముసలాయన గొంతు వినిపించింది, బొంగురుగా.

"కలపబాకండమ్మా."

అంతే అన్నాడు. గుమ్మంలోంచి చూశాను. ఆయన విప్పి ఉన్న ఆ దూది దగ్గరకు జరిగి, గడ్డలను వేళ్ళతో ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టాడు.

అంత మాట అన్నదాన్ని, నేను మాత్రం ఏం చేస్తున్నాను? దారిపొడుగునా బస్సులో నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను, ఈసారి అక్క తప్పకుండా పాసయ్యేదని. సగం వాక్యం అక్కడే చెప్పబోయి ఆగాను. అది నా దూది. ఆమె పాసయ్యేదా, కాదా? ఇవ్వలేదు. ఎంత ముద్దొచ్చినా ఆమె చివర ఆ మాట కుట్టే హక్కు నాకు లేదు.

లేచి వస్తుంటే ఆమె కూతురు గుమ్మం దాకా వచ్చింది. ఇంటర్ చదువుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కాని చూపు అచ్చం తల్లిదే.

"మీరేనా టెంటేటివ్ ఆంటీ?"

"ఏమన్నావ్?"

"అమ్మ మీకు పెట్టిన మాట. ఇంట్లో ఎప్పుడూ అట్నే అంటుంది. ఈ రోజు టెంటేటివ్ వచ్చింది, ఈ రోజు టెంటేటివ్ ఏడ్చింది అని." పిల్ల నాలుక కరుచుకుంది. "మీకు తెలుసనుకున్నా."

టెంటేటివ్. జంకుతూ, తేల్చుకోకుండా, ఇప్పటికి ఇలా ఉండనీ అన్నట్టు చేసేది. ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట.

బస్సు ఎక్కి కూర్చున్నాక చాలా కోపం వచ్చింది. పోయిన మనిషి మీద అంత కోపం రావచ్చా అనిపించేంత కోపం. ఇన్నాళ్ళు పక్కన కూర్చుని, నా టిఫిన్ బాక్సులో చెయ్యి పెట్టి తిని, నాకోసం సారుతో పోట్లాడి, ఇంటికి పోయి ఆ మాటా అనేది? అంతకంటే మంచి మాట దొరకలేదా అక్కా? ఆ కాగితాల నిండా మాటలేగా. ధైర్యానికి ఒకటి, ఓర్పుకు ఒకటి ఉన్నాయిగా. కాని ఆమె లేనిది నాలో పెట్టదు కదా. ఫోను వైపు పోయే నా చెయ్యి ఆమె చూసింది. చూసినదానికే మాట ఇచ్చింది. బస్సు మాత్రం నిండేదాకా బుచ్చి బస్టాండు దాటలేదు. ఏడుస్తూనే నవ్వాను.

ఈ రోజు పాపను పడుకోబెట్టి వస్తుంటే అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"శనివారం పోతావా ఇంకా?"

"పోతాను అత్తయ్యా."

"అంత గట్టి మనిషి, ఆమెకే అట్టయింది. నువ్వు పిల్లతల్లివి. ఈసారికి మానుకోరాదా? నువ్వు ఆడ ఉండంగా బిడ్డకు జొరం వస్తే?"

అత్తయ్య కూడా చెడ్డది కాదు. నా బిడ్డను పెంచుతున్నది ఆమే. నేను రోజూ లోపల అనుకునే మాటలనే ఆమె బయటికి అన్నది. అందుకే అవి నన్ను అంతగా పట్టుకుంటాయి.

"వస్తే మీరున్నారు. నా కంటే బాగా చూస్తారు. రాకముందే దానికి జ్వరం పెట్టకండి అత్తయ్యా."

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. స్టవ్ మీద పాలు పొంగబోతే వెళ్ళి దించింది. అటు తిరిగే అడిగింది, "రైలు ఎన్నింటికి?"

చెప్పాను. ఇడ్లీ కట్టిస్తానన్నది.

అందరూ నిద్రపోయాక ఇది రాస్తున్నాను. భయం పోలేదు. రాస్తూ రాస్తూ పాప నుదురు ఒకసారి తాకి వచ్చాను, చల్లగానే ఉంది. ఇప్పుడు నా మణికట్టు నేనే పట్టుకుని చూసుకుంటున్నాను. వేగంగా కొట్టుకుంటోంది. ఇది భయమా, పరుగా అని అడుగుతోంది. పరుగు అని చెప్పాను దానికి.

అక్కా, నాలో కాపురమున్న టెంటేటివ్‌ను ఖాళీ చేయించేశాను. రేపు బస్టాండుకు వెళ్ళి నీ ఇనెవిటబుల్‌ను తీసుకొస్తాను. దానికి నాలోనే ఇల్లు దొరికింది.